చివరి ఫారం

ఆదివారం సాయంత్రం ఆవిష్కరణ.
మైలాపూరులో హాలు మాట్లాడేశారంట,
పూలదండలకి కూడా చెప్పేశారంట.
ఇక్కడ నా ముందు
ఆరొందల పుస్తకాలు
వెన్ను లేకుండా పడున్నాయి.

రాయపేటలో, పీటర్స్ రోడ్డు వెనక సందులో
దండపాణి గారి బైండింగు షెడ్డు.
పదకొండుమంది ఆడవాళ్ళం.
తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే.
సూళ్ళూరుపేట బళ్ళో ఏడుదాకా చదివిన చదువు
ఇన్నేళ్ళకి మేలుకుంది.

కథ నాకు వరసగా రాలేదు.
ముందు ఐదో ఫారం వచ్చింది.
అప్పటికే ఆ పిల్ల కొండ దిగుతోంది,
వీపున తోలుతిత్తి, తిత్తిలో ఒక నది.
ఎవరిచ్చారో, ఎక్కడ దొరికిందో తెలీదు.
తర్వాత రెండోది. అందులో పిల్లకి ఆరేళ్ళు,
ముందుపళ్ళు రెండూ లేవు.
తొమ్మిదిలో గుర్రం చచ్చిపోయింది.
మర్నాడు ఏడో ఫారం దించారు:
అదే గుర్రం, తోక ఎగరేసుకుంటూ పరుగు.
నాకు తెలుసు, దానికి తెలీదు.
ఆ కాగితాలు మాత్రం
గట్టిగా బద్దేసి నొక్కలేకపోయాను.

టీ తాగేటప్పుడు చుట్టూ మూగుతారు.
"అప్పురం?" అంటుంది ఎళిలరసి.
"అప్పురం ఎన్న?" అంటుంది షంషాద్.
వచ్చిన ముక్కలు వచ్చినట్టు
నాకొచ్చిన అరవంలో చెప్తాను.
వాళ్ళ భాషలో నదిని ఆరు అంటారు.
మన దాంట్లో ఆరడమంటే తడి పోవడం.
ఆ మాట చెప్తే కన్నియమ్మ
గ్లాసు కింద పెట్టి
"ఈ ఊరికి మీ తెలుగే నప్పింది" అంది.

అదే సమయానికి ట్యాంకరు హారన్ కొట్టింది.
కథ అక్కడే వదిలేసి
అందరం బిందెలు పట్టుకుని పరిగెత్తాం.

రాసినాయన చేబియ్యం సోమశేఖరం గారు.
మెట్రో వాటర్‌లో ముప్ఫై రెండేళ్ళు
ఏ వీధి వాల్వు ఎప్పుడు తిప్పాలో చెప్పి
రిటైరయ్యారు. ఊరంతా ఎండిన ఏడాది
ఫోను మోగితే దిండు కింద దాచేవారంట.
గురువారం మధ్యాహ్నం హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చి
"చివరి పదహారు పేజీలు ఆపండి" అన్నారు.
దండపాణి గారు నోటికొచ్చినట్టు తిట్టారు.
ఆయన విన్నారు. కాగితాల కట్ట మీద కూచున్నారు.
నన్ను చూసి, చదువుతానని ఎవరు చెప్పారో,
"రాజుగారి చెరువులో పోసేస్తుందమ్మా ఆ నదిని.
అంతేనా? బాగుందా?" అన్నారు.

నాకేం తెలుసు బాగుండటం గురించి.
"తిత్తిలో ఎన్ని బిందెలు పడతాయి సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు.
వేళ్ళు ముడుస్తూ విప్పుతూ లెక్క వేశారు.
రెండుసార్లు తప్పారు, మళ్ళీ మొదలెట్టారు.
లేచి స్కూటరు ఎక్కేటప్పుడు
నా వైపు చూడనుకూడా చూడలేదు.

ఇవాళ శనివారం. రాత్రి పది.
మైదా జిగురు రెండోసారి కాచాం.
సూదిలో దారం ఎక్కించి
కొస ముడి వెయ్యకుండా ఉంచాను.
అట్ట మీద ఆ పిల్ల బొమ్మ,
ముఖం కనపడదు, తిత్తి ఒక్కటే.
రేపు హాల్లో ఎవరో రంగుకాగితం చింపి
దీన్ని పైకెత్తి చూపిస్తారు.
అప్పటికి నేను నిద్రపోతుంటాను.

సందు మలుపులో ఆటో దీపం.
చేతులు కడుక్కుందామని డ్రమ్ములో చెంబు ముంచితే
అడుగు గీసిన చప్పుడు.
జిగురు వేళ్ళు పైటకి తుడుచుకుని
కట్ట అందుకున్నాను. సిరా ఇంకా పచ్చి.

పదహారు పేజీలూ ఒకే పెద్ద కాగితం మీద,
సగం నిటారుగా, సగం తలకిందులుగా.
ఆఖరి పేజీ ఏ మూలనుంటుందో
నా కళ్ళకి తెలుసు, అటు పోనివ్వలేదు.

కన్నియమ్మ భుజం మీదుగా వంగింది.
"ఊత్తిందా? పోసిందా?
ఎక్కడ పోసింది, చెప్పవే!"

ఉండు.
ముందు మడత పెట్టనీ.