ఒకే ధాతువు

రాత్రంతా హిద్ ప్లాంట్ల
సముద్రాన్ని చీల్చుడే నా నౌకరి.
అటు ఉప్పు, ఇటు నీళ్లు.
నడుమ నడిచిపోయేటోళ్లు ఎవరూ ఉండరు,
గేజు మీద ముల్లు మాత్రం వణుకుతది.

ఈ మాట చెప్తే మనామా బజార్ల
పైసలు మార్చే యూదు ముసలాయన హెస్కేల్
పండ్లు లేని నోటితోని నవ్విండు.
అరబ్బీ కలిసిన హిందీల అన్నడు:
"మావోళ్లకు చీలినప్పుడు గూడ
రాత్రంతా తూర్పుగాలి వీచింది బిడ్డా.
చిటికేసి చెయ్యలే ఆయన.
గాలిని కూలికి పిలిచిండు,
తెల్లారేదాంక పని చెప్పిండు."

ఆయన తాతలు బస్రా నుంచి పడవల వచ్చిండ్రట.
అప్పట్ల ముత్యాలకు మునిగేటోళ్లు
సముద్రం అడుగున తోలుసంచి పట్టి
తియ్యనీళ్లు తెచ్చుకునేటోళ్లట.
ఉప్పు కింద ఊట.
"అది మహిమనా?" అని అడిగిన.
"తాగినన్నొద్దులు నీళ్లన్నరు,
ఎండిపోయినంక మహిమ అంటున్నరు."

పోయిన బేస్తారం
నాంపెల్లి కాయిదం పట్టుకపోయిన.
నా మీది మంచం, కోరుట్ల పిలగాడు,
ముప్పై నాలుగేండ్లు.
జూలై ఎండల పైపులు మోసి వచ్చి
సగం రొట్టె తిని పండుకున్నోడు
లేవలే.
అరబ్బీల రాసిన్రు, ఏమున్నదో చదువుమన్న.

హెస్కేల్ అద్దాలు తుడిచి
ఒక్క మాటకాడ వేలు ఆపిండు.
"వఫాత్ తబీయియ్యా.
సహజ మరణం."
కింద ఊదారంగు ముద్ర.

శానాసేపటికి, నాతోనో గల్లపెట్టెతోనో,
"మా భాషల గూడ ప్రకృతికి ఇదే ధాతువు" అన్నడు.
వంద ఫిల్సుల బిళ్ల గాజు మీద పెట్టిండు.
"నాణెం అన్న మాట గూడ దీన్లకెంచే. అచ్చు గుద్దుడు.
రోజూ చేతులు మారే బిళ్లను
ఎవరు గుద్దిండ్రని ఎవరు చూస్తరు?
తెల్లారుడు, ఊపిరి, వాన,
అన్నీ అరిగిపోయిన మహిమలే అని
మా నాయిన అంటుండె."

మరి నాంపెల్లి?
ఊపిరి ఆగుడు గూడ ఆయన అచ్చేనా?
నలభై ఎనిమిది డిగ్రీల్ల పైపు మోయించుడు
ఎవని ముద్ర?
నేను అడుగలే.
మొఖం అడిగినట్టున్నది.

"ఇంకో అర్థం గూడ ఉన్నది," అన్నడు మెల్లగ.
"మునుగుడు.
చీలిన సముద్రం మళ్ల కలిసినప్పుడు
ఎంబడి వచ్చిన సిపాయిలు మునిగినకాడ
అదే మాట పాడుకుంటం మేము.
వాళ్ల తల్లులకు
ఏ కాయిదం ఇచ్చిండ్రో."

కాయిదం మడిచి ఇచ్చిండు,
ఆ మాట లోపటికి పోయేటట్టు.

తర్వాత గ్లాసు ఎత్తిండు.
తాగే ముందు ఎప్పుడూ పెదవుల్ల అనుకునే ముక్క
ఈసారి ఎక్కడనో తట్టుకున్నది.
ఆగిండు.
మళ్ల మొదట్నుంచి అన్నడు.

ఆ నీళ్లు నేను తీసినయే కావచ్చు.
నాంపెల్లి మోసిన పైపుల్లకెంచే
వచ్చినయి కావచ్చు.