నా పేరు మింద ఒక గుంట

పది మీటర్లు పొడుగు, పది మీటర్లు వెడల్పు,
లోతు రెండున్నర.
గవర్మెంటు నాకిచ్చిన గుంట.
గట్టు మింద సిమెంటు పలక నాటి
నా పేరు రాసినారు, మొగలమ్మ అని.
మొగిలమ్మని నేను.
మా నాయన మొగిలి దేవుడికి మొక్కుకోని పెట్టిన పేరు.
పెయింటరు చేతిలో గుడి రాలిపోయింది.
"గుడి లేకుండా మొగిలి యాడుంది సారూ" అంటే
ఫీల్డ్ అసిస్టెంటు పురుషోత్తం నవ్వినాడు,
"నీళ్లకు చదువొచ్చునా అక్కా?"

గుంట యాడ తవ్వాలో నన్నడగలేదు.
నలభై ఏండ్లుగా చూస్తా ఉండా
ఈ చేన్లో వాన ఎట్లా నడిచేదీ.
గుట్ట మింద నుంచి ఉరికొచ్చి
కానగచెట్టు కాడ మలుపు తిరిగి
చెనిక్కాయ సాళ్ల అంచున కాసేపు కుదురుగా కూర్చోని
అప్పుడు గదా వంకలోకి దిగేది.
ఆ కుదురు కాడ తవ్వండయ్యా అంటిని.
ఫోన్లో చుక్క ఇంకో చోట పడింది.
ఆ చుక్క ఆకాశం నుంచి వచ్చిందంట.
వానా ఆడి నుంచేగా వచ్చేది,
రెండూ ఒక్క మాట అనుకోని రాకూడదా?

పద్దెనిమిది మందిమి, మూడు వారాలు.
నడిమధ్యన ఒక మట్టిదిమ్మ తవ్వకుండా వదిలిపెట్టినాము.
సాక్షి అంట దాని పేరు,
ఎంత లోతు తవ్వినామో అది చెప్పాల.
కొలతలు రాసుకున్న సాయంత్రమే
సాక్షిని కూడా తవ్వి పారేసినాము.
కూలి సగం పడింది.
మిగతా సగం ఏ వేలిముద్ర దగ్గర ఆగిందో.

వైశాఖమంతా మేకపిల్లలు దాంట్లో ఎగిరినాయి.
గెనిమకు అవతల రెడ్డెప్ప,
ఏటా ఒక్కో సాలు నా గెనిమను తింటా వచ్చినోడు,
ఏడేండ్లుగా నాతో మాటల్లేనోడు,
తన ఎద్దుతో అన్నాడు నాకు వినపడేట్టు,
"చూసినావా, సర్కారు దుడ్డుతో ఎండను నిలవ చేస్తా ఉండారు."
ఎద్దు తోక ఊపింది.

కార్తీకంలో తుఫాను. రెండు రాత్రులు.
గోనెపట్ట కొప్పెర వేసుకోని, పార తీసుకోని
కుదురు కాడ నుంచి గుంట దాకా కాలవ గీసినా.
ఏ ఎస్టిమేటులోనూ లేని కాలవ,
ఏ ఫోటోలోనూ పడని కాలవ.
తెల్లారేసరికి గుంట నిండి
ఎర్రగా, కొత్త కుండ మాదిరి కనపడింది.

నాలుగో నాటికి అడుగు తేలింది.
సబ్సిడీలో ఇచ్చిన నలభై తోతాపురి మొక్కలకు
మళ్లా బిందెలే గతి.
పలక మింద పేరు చూసి, ఈ నీళ్లు ఎవురివో మొగలమ్మవి అనుకోని
పోయినాయేమో.

పదకొండో రాత్రి కరెంటొచ్చింది.
అరగంటకే దగ్గి దగ్గి ఆగిపోయే రెడ్డెప్ప బోరు
ఆగలేదు.
పడుకోని లెక్క పెడతా ఉండా.
గంట. గంటన్నర.
తొలికోడి కూసింది, మోటారు పాడతానే ఉంది.
నా నంబర్లో దిగి ఆయప్ప నంబర్లో లేచినాయి.

యాడ ఫిర్యాదు చేసేది?
పేరు, మొగుడి పేరు, విస్తీర్ణం, చెట్లెన్ని...
ఏ ఫారంలోనూ దీనికి గడి లేదు.

ఆడిట్టోళ్లు వచ్చినారు నిన్న.
ఎండిన గుంటలోకి తొంగి చూసి ఒక పిల్ల అడిగింది,
"దీనివల్ల లాభం కలిగిందా? అవునా, కాదా?"
పెన్ను పట్టుకోని నిలబడింది.

అవతల ఉలవలకని దున్నతా ఉండాడు రెడ్డెప్ప.
మా మాటలు వినపడినట్టుంది.
తలెత్తలేదు.
గెనిమ దాకా వచ్చిన మడకను
ఈసారి ఒక సాలు ముందే తిప్పుకున్నాడు.

నేను చూసినా. ఎద్దూ చూసింది.

"అవును అని రాసుకో పాపా" అంటిని,
"రాసేటప్పుడు
నా పేరుకు గుడి పెట్టు."