మంగళవారం సెలవు

నలుగురికీ ఒకే రోజు సెలవు దొరకడం
నేను ఆ లాడ్జీలో చేరినప్పట్నించీ జరగలేదు.
మేనేజరు క్యాలెండరు రెండుసార్లు తిప్పి చూసి
"పోండి. బుధవారం తెల్లారేసరికి మాత్రం
నూటెనిమిది దుప్పట్లు" అనె.

రెడ్డెమ్మ, సెల్వి, షమీమ్, నేను.
ఊరు చూడ్డానికి వచ్చినోళ్ల పక్కబట్టలు ఉతికేవాళ్లం.
ఎవరు కొండ దిగొచ్చినారో
ఎవరు జలపాతం కింద తడిసొచ్చినారో
పదకొండేండ్లుగా తువ్వాళ్లు చెప్తే తెలిసేది మాకు.
గుండు పండుకున్న తలగడ చూస్తానే తెలుస్తాది,
గంధం పచ్చంగా అంటుకోనుంటాది.

ఈ పొద్దు మేమూ చూసేవాళ్లమే అని
షమీమ్ పెండ్లినాటి చెప్పులేసుకోనొచ్చె.
బస్టాండు చేరకముందే ఒకటి తెగె.
పిన్నీసు గుచ్చి చంద్రగిరి బస్సెక్కితిమి.

కోట కాడ గైడొకాయన
"ఏ ఊరమ్మా మీది?" అని అడిగె.
నేను నోరు తెరిచేలోపల
"బళ్లారి" అనేసె రెడ్డెమ్మ.
బళ్లారి ఏ దిక్కునుండాదో ఆమెకు తెలీదు.
నాకూ తెలీదు.
ఆయన మాకోసం నిదానంగా, గట్టిగా,
చెవిటోళ్లకు చెప్పినట్టు
మా జిల్లా కత మాకే చెప్పుకొచ్చె.
రాజు ఈడ కూర్చునేవాడంట, ఏనుగుల్ని ఆడ కట్టేవాళ్లంట.
"అబ్బా, అట్నా!" అని సెల్వి
ఎంత బాగా నోరు తెరిచిందంటే
చివరికి మాకు నిజంగానే ఆశ్చర్యమాయె.

మహలు మీద గాలి.
కింద నీళ్లు, నీళ్లలో కొండ తలకిందులుగా.
"ఇంత పెద్ద ఇంట్లో దుప్పట్లెవరు ఉతికినారో" అంటి.
నవ్వుతారనుకున్నా, ఎవరూ నవ్వలా.
షమీమ్ గోడ మీద అరచెయ్యి పెట్టి
కొంచేపు అట్లే ఉండిపాయె.
సోడాకు పగిలిన అరచెయ్యి.
సున్నం చల్లగుండాదంట.

తిరిగి ఊళ్లోకొచ్చేతలికి మూడున్నర.
గాంధీ రోడ్డులో ఆ మిఠాయంగడి
రోజూ మేము నడిచే దోవలోనే ఉండాది.
అద్దానికి ఇవతలే ఇన్నాళ్లూ.
"రుచి చూడండక్కా" అని పిల్లోడు
చిటికెడు మైసూర్‌పాకు చేతిలో పెట్టె.
ఇంక రెడ్డెమ్మ వేలు దించలేదు.
"అదేంది నాయనా? ఆ తెల్లది? దాని పక్కన పచ్చది?"
గుమ్మడికాయ హల్వా గాజుముక్కల మాదిరి మెరుస్తా ఉంటే
పాలకోవా వేలిముద్ర పడేంత మెత్తగా,
జిలేబీ అప్పుడే నూనెలోంచి పాకంలోకి దూకి
ఇంకా ఆయాసపడతా ఉండె.

సెల్వికి చక్కెర జబ్బు.
"మూడొందలా పది" అని పొద్దున్నే చెప్పింది,
పరీక్షలో మార్కులు చెప్పినట్టు.
జిలేబీలో ఒక్క చుట్టు తుంచి, రెండు చేసి
సగం నాలుక మీద పెట్టుకోని కండ్లు మూసుకొనె.
మేము ముగ్గురం తినేది నిలిపి ఆమెనే చూస్తిమి.
మిగిలిన సగం కొంగున ముడేసుకొనె.
"రాత్రికా?" అంటే
"చీమలకు" అనె.

బిల్లు చూసి రెడ్డెమ్మ
"మా బళ్లారిలో ఇంత ధర లేదబ్బా" అనె.
రవికల్లోంచి, పర్సుల్లోంచి, చిల్లర సంచిలోంచి
ఆరొందల నలభై లెక్కబెట్టి ఇచ్చేసరికి
అంగట్లో అందరికీ మా నవ్వు తెలిసిపాయె.

బుధవారం.
నూటెనిమిది కాదు, నూటిరవై ఆరు.
మేకుకు తగిలించిన సెల్వి చీర కాడికి
గోడ పొడుగునా చీమలు.
ఆమె చూసి, చూడనట్టు బకెట్టెత్తుకోని పాయె.

రెండొందల మూడో నంబరు రూము దుప్పటి మీద
పాకం మరక, పసిపిల్లోడి వేళ్లు నాలుగు.
ఎప్పుడైనా అయితే
వాళ్లమ్మను నాలుగు మాటలని సోడా చల్లేదాన్ని.
ఈ పొద్దు ముక్కు దగ్గరికి తెచ్చి చూస్తి.
జిలేబీ కాదు.
జాంగ్రీ.
నిన్న మేము అది అడగనేలేదు.