సగం నీళ్లలో

కెయ్యోన్ రేవులో వానకి సెలవు లేదు.
బౌదీలియో కార్కమో కొత్త యాంటెన్నా కొనుక్కొచ్చాడు.
ఏడు మీటర్ల తెల్లటి కొరడా,
పక్క పడవవాడి దానికంటే జానెడు ఎక్కువ.
"పైన నిలబెట్టు చాలు, ఎడెల్మిరా.
దక్షిణమంతా నా గొంతు వినాలి."

నేను ముందు అతని పడవ కడుపులోకి దూరాను.

లా పొర్ఫియాదా, అంటే మొండిది.
చెక్క పడవ. సముద్రంతో ముప్పై ఏళ్ల కాపురం,
మాటల్లేవు.
వాళ్ల మధ్య రాయబారానికి రాగి కావాలి:
అరచేతి వెడల్పు రేకు,
ట్యూనర్ కాళ్ల దగ్గర మొదలై
ఇంజను పక్కగా, డీజిల్ మడ్డిలోంచి
అడుగున నీళ్లను తాకే కంచు పలక దాకా.
"కనిపించని దానికి ఇంత ఖర్చా?"
పైనుంచి అతను.
నా నోట్లో టార్చి ఉంది.

లేకుంటే చెప్పేదాన్ని,
నా మొదటి పడవ సంగతి.
ఎవారిస్తోది. ఎత్తుగా కట్టాను, అందంగా కట్టాను,
రాగి మాత్రం మిగుల్చుకున్నాను.
గాలివానలో మూడు రాత్రులు పిలిచాడట,
ఎవరికీ అందలేదు.
ఇంకో పడవ లాక్కొస్తే ఒడ్డు చేరాడు.
ఒక్క మాట అనలేదు.
మళ్లీ నాకు పనీ ఇవ్వలేదు.

కొరడాని వెనక్కి పంపించాను.
వల ఎత్తే క్రేను వారంలో విరగ్గొట్టేది.
దాని బదులు తీగ, కొయ్య కొన నుంచి వెనక అంచుకి.
పన్నెండు మీటర్ల చోటుంది.
అంత పొడవైతే పన్నెండు మెగాహెర్ట్జ్‌లో
దాదాపు సగం అల,
ట్యూనర్‌కి గొంతులో ముల్లు.
తొమ్మిదిన్నర దగ్గర కోశాను.
రెండు కొసలా పింగాణీ గుడ్లు,
కింది గుడ్డు మనిషి చెయ్యి అందనంత పైన.
మాట్లాడే తీగని ముట్టుకుంటే
వేలు లోపల్నుంచి కాలుతుంది.

అతుకు అతుక్కీ గ్రీజు, దాని మీద టేపు, మళ్లీ టేపు.
ఈ దీవుల్లో మనం ఉప్పు తినం,
ఉప్పే మనల్ని తింటుంది.

పొద్దుగూకాక నాలుగు మెగాహెర్ట్జ్.
ట్యూనర్ టకటకమంది,
ఎవరో హేజెల్ కాయలు కొరుకుతున్నట్టు,
ఆగింది.
"మెలింకా, మెలింకా."
గరగర. ఇంకొంచెం గరగర.
అందులోంచి అతని అక్క ఓతీలియా,
పక్కగదిలో ఉన్నంత దగ్గరగా.
"వాన పడుతోందా అక్కడ?"
"పడుతోంది. నీకు?"
"ఇక్కడా."
ఆ తర్వాత అతను మీట నొక్కే ఉంచాడు.
సూది సున్నా మీద పడుకుంది.
ఈ రేడియోలో మౌనం గాల్లోకి వెళ్లదు,
ఆ సంగతి అతనికి తెలీదు,
నేనూ చెప్పలేదు.

సగం డబ్బిచ్చాడు, మిగతాది బంగాళాదుంపలు.
ఆదివారం రేవు మీద అందరికీ
తీగని చూపిస్తున్నాడు, చెయ్యెత్తి, మెడెత్తి.
రాగి మాట ఎత్తలేదు.
ఎత్తకపోనీ.
నా గోళ్ల కింద ఆ పచ్చ
ఎంత రుద్దినా ఇంకా పోలేదు.