అక్క మాత్ర

ఒకే ప్లాస్టిక్ కవర్లో రెండు పసుపు కార్డులు.
మా అక్క రెడ్డిరాణిది ఒకటి, నాదొకటి.
చిత్తూరులో నాలుగున్నర బస్సు పట్టుకుంటేనే
తిరపతి పెద్దాసుపత్రి కిటికీ ముందర
మా కవరుకు పదకొండో నంబరో, పన్నెండో.

చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద
ఒకే గొంతునొప్పి పడ్డాం ఇద్దరం.
అది కీళ్ళల్లో కొన్నాళ్ళు కాపురముండి
గుండెకు మకాం మార్చిందని
ఇరవై ఏళ్ళకు గానీ ఎవరూ చెప్పలా.
ఇప్పుడు ఇద్దరి ఎదలోనూ లోహపు తలుపు.
రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే
టిక్కుమని ఆమెది,
అరక్షణం వెనకాల నాది.

ఆ తలుపు మీద నెత్తురు పేరుకోకుండా
రోజూ ఎనిమిదింటికి మాత్ర.
ఆమెకు తొమ్మిది మిల్లీగ్రాములు.
నాకు రెండు.
నాకన్నా సన్నం మా అక్క. ఎవరూ నమ్మరు.

పోయిన జూన్లో, పల్పు ఫ్యాక్టరీ సీజను మంచి ఊపు మీదుండగా
నా మాత్ర స్టాకు లేదన్నాడు మందులంగడాయన.
అక్క తన డబ్బా మూత తీసింది.
"ఒకే కడుపున పుట్టినోళ్ళం,
మందులో యాడివి మే వేరు పంపకాలు? ఏసుకో."
ఆ మాటలో నాకు మిల్లీగ్రాములు వినపడలా.

ఐదో పొద్దు పళ్ళు తోముకుంటే ఉమ్మి ఎర్రగా.
తొడ మీద వంకాయ తొక్క అంటించినట్టు మచ్చ.
బెంగుళూరా కాయ కోస్తా కోస్తా కత్తి గీరిన వేలు
షిఫ్టు దిగినా ఆగలా.

ల్యాబు మస్తానయ్య కాగితం చూసి కుర్చీలోంచి లేచినాడు.
రెండున్నరకీ మూడున్నరకీ నడుమ ఉండాల్సిన అంకె
ఎనిమిదిన్నర.

మూడ్రోజులు నా మంచం కిందనే అక్క.
అన్నం తినలా, డబ్బాలో మాత్రలు లెక్కపెట్టుకుంటా.

డాక్టరమ్మ మా భాషలోనే చెప్పింది:
"మందును విరిచి బయటికి తోసే పనోళ్ళు
లివర్లో ఉంటారు. మీ అక్క పనోళ్ళు డబుల్ డ్యూటీ చేస్తారు,
నీ వాళ్ళు నిదానస్తులు.
వాళ్ళను నువ్వు కూలికి పెట్టుకోలా,
అమ్మానాయనలు పెట్టిపోయినారు,
ఒక్కో బిడ్డకు ఒక్కో వాటా."
"మా నాయనకు గ్లాసు సారాయి రెండ్రోజులు దిగేది కాదు,
ఆయన పోలికా?" అంటే నవ్వింది.
"అది వేరే లెక్క."

ఆ పొద్దు నాకొచ్చిన ఆస్తి అదొక్కటే.

అక్క లెక్క మాత్రం తిన్నగా ఉంటుందా?
ఆషాఢంలో మునగాకు వేపుడు దండిగా తిని
ఒకటిన్నరకు జారింది.
మోకాలి నొప్పికని అడక్కుండా మింగిన గోలీకి
నాలుగు దాటింది.
"ఆకుకూర మానొద్దు, ఒక్కసారిగా ఎక్కువా తినొద్దు.
రోజూ ఒక్కటే మాదిరి ఉండాల" అంటారు.
ఒక్కటే మాదిరి!
సీజన్లో కోడికూర, తర్వాత ఏడు నెలలు
సంగటి, ఊరిబిండి, గట్టు మీద దొరికిన ఆకు.
మా బతుకు ఏ కార్డులో రాస్తే
రెండున్నరకీ మూడున్నరకీ నడుమ నిలబడుతుంది?

ఇప్పుడు నా డబ్బాకు నల్లదారం కట్టింది అక్క.
చీర ఇస్తుంది, చెప్పులిస్తుంది,
ఎంగిలి టీ కూడా సగం పోస్తుంది.
డబ్బా దగ్గర మాత్రం
పరాయి మనిషిని చూసినట్టు చూస్తుంది నన్ను.

ఈ నెల ఆమెది రెండు పాయింటు ఆరు, నాది మూడు.
మోచేతి మడతల్లో దూది పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాం.
తన దూది ఎప్పుడో తీసి పారేసింది అక్క.
నాది బొటనవేలితో అదిమి పట్టుకుని
గోడ గడియారం వంకే చూస్తా ఉంది,
బస్సు పోతుందని చెప్పినా.