గాలి నిలిస్తే

మిర్యాలగూడ, బాయిల్డ్ మిల్లు వెనక
ఊక కుప్పల నడుమ రేకుల షెడ్డు.
గోనెసంచులు నాలుగు లాగితే
కింద ఎర్రటి మూతి.
ఎరుపని తెలిసింది గోటితో గీకినంకనే,
పైకి అంతా ఊకదుమ్ము రంగే.

రెండు సీట్లు. అంతే.
బియ్యం బస్తా పట్టదు,
చినుకు పడితే మీద గుడ్డ లేదు.
బానెట్ మీద ఎనిమిది మూలల బిళ్ల,
చక్రాలకు సైకిలుకున్నట్టు పుల్లలు.
నడుమెత్తు కూడ లేదు,
దీన్ని చూడాలంటే ఎంతటోడైనా వంగాల్సిందే.

లక్షా ఎనభై అన్నడు చిన్నసేటు.
"పాత ఇనుము కింద తూకమేస్తే
ఇరవై వేలు రావు" అన్న నేను.
"మరైతే తూకమేసేటోన్నే పిలుస్త" అన్నడు.
నా నాలుక నేనే కరుచుకున్న.

ఇరవై ఆరేండ్లు లేతు ముందల నిలబడ్డ.
బోరుబండి రాడ్లు, వరికోత మిషన్ల షాఫ్టులు,
ట్రాక్టరు పిన్నులు,
ఏది తెచ్చినోడిదైనా ఒకటే మాట:
"చారీ, పొద్దుగూకేసరికి కావాలె."
పొద్దుగూకేసరికి అక్కర్లేని పని
ఒక్కటంటే ఒక్కటి
ఈ చేతులకు రాలేదు.

కరెంటు బిల్లు వెనక లెక్క రాసిన.
అడుగు రేకు మొత్తం పోయింది, కొత్తది కొట్టాలె.
పిస్టన్లు పట్టేసినయి,
డీజిలు పోసి నెల నానబెడితే
కదిలితే కదలొచ్చు.
వైర్లు ఎలుకలు తిన్నయి.
కార్బురేటర్లు రెండు, ఒకదాంట్ల కందిరీగల గూడు.
దొరకని సామాను నేనే తిప్పుకోవాలె,
ఆ మాట రాసేటప్పుడు మాత్రం
పెన్ను జర ఒత్తి పట్టిన.
కింద గీత కొట్టిన గని
కూడిక వెయ్యలేదు.
కాగితం అయిపోయిందని కాదు.

స్వరూప ఆ కాగితం చూసింది.
కొట్లాడితే బాగుండు,
జవాబులన్నీ తయారు పెట్టుకున్న.
చాటల బియ్యం చెరుగుకుంట
"అయినంక యాడికి పోతం?" అనడిగింది.
యాడికి? నాకు తోచలేదు.
కాల్వకట్ట మీద హాలియా దాక అనుకుంటే
ఆ గుంతలకు దీని కడుపు గీరుకుంటది.
అద్దంకి రోడ్డెక్కితే
లారీవానికి మనం కనబడం.
"ముందు కానియ్యి" అన్న.
ఆమె నవ్వలేదు, చాట తిప్పి కొట్టింది.
కని "పోతం" అన్నది చూడు,
"పోతవు" అనలేదు,
అదే రాత్రంతా చెవుల తిరిగింది.

మూడోసారి పోయిననాడు
పంపు పట్టుకపోయిన.
నాలుగు టైర్లల్ల మూడు పర్రెలు వాసినయి.
ముందు ఎడమది కొంచెం నయం.
మోకాళ్ల మీద కూసోని గాలి కొట్టిన.
కారు ఒక్క మూలకు లేచింది,
నిద్రల తలెత్తిన పశువు లెక్క.
తెల్లారి దాక గాలి నిలిస్తే కొంట,
లేకుంటే ఈ తొవ్వకే రాను,
నాకు నేనే చెప్పుకున్న గట్టిగ.
కావలి మట్టయ్య విన్నడు.
వాల్వు కాడ సన్నగ బుస.
ఇనుముతోటి బతికేటోన్ని, నాకు తెల్వదా,
నడిజాము దాక కూడ ఆగదని?
ఇననట్టే మూత బిగించిన.
పంపు అక్కడ మరిచిన.

తెల్లారి పోయేసరికి టైరు రాయి లెక్క ఉన్నది.
బొటనవేలితో నొక్కితే వేలే నొచ్చింది.
పంపు నేను పెట్టిన దిక్కు లేదు.
మట్టయ్య గోడకొరిగి యాపపుల్ల నములుతున్నడు,
కండ్లు ఎర్రగున్నయి,
అంగీ వీపు కాడ తడిసి అతుక్కున్నది.
ఎన్నిసార్లు లేచినవని నేనడగలేదు.
ఆయన పుల్ల ఉమ్మేసి, దిక్కు చూసుకుంట అన్నడు:
"ముప్పై ఏండ్లాయె దీన్ని కావలి కాయబట్టి.
ఉరికితే ఎట్లుంటదో సూడలే."

బుస ఇంకా ఇనొస్తనే ఉన్నది.
వాల్వు మీద బొటనవేలు ఆనిచ్చి
అట్లనే కూసోని అడిగిన:
"సేటు ఎన్నింటికి వస్తడు?"