గొడుగు నక్క

గుణుపురంలో ఆదివారం నాలుగింటికి
కూర్మారావు కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేస్తాడు.
కత్తిరింపుల బల్ల మీద ఇక పుస్తకాలే.
ఆరుగురం. వానొస్తే నలుగురం.

నెల రోజులు చేతులు మారిన లావుపాటి నవల
ఈ వారం తీర్పుకొచ్చింది.
"కుట్టుకి కాస్త గుడ్డ వదలాల గానీ
ఇంత వదిలితే అది చొక్కా అవదు, డేరా అవుద్ది"
అన్నాడు కూర్మారావు.
"నేను ఏడ్చాను" అంది పోస్టాఫీసు హేమసుందరి.
"ఉల్లిపాయ కోసినా ఏడుస్తాం"
దమయంతి టీచర్ కళ్ళద్దాలు తుడుచుకుంది.
పట్నాయక్ గారు చదవలేదు.
అయినా ఆయనకి నచ్చలేదు.

నేను ఎక్కువ మాట్లాడను.
పగలంతా బ్లాకాఫీసులో ఒడియా రాసే చెయ్యి నాది.
తెలుగు అక్షరాలు ముప్పయ్యో ఏట
ఈ బల్ల మీదే, దర్జీ సుద్దతో,
దమయంతి టీచర్ దిద్దించింది.
గొడుగులు వేసుకున్న అక్షరాల నుంచి
తలకట్లు కట్టుకున్న అక్షరాల దాకా
ఇప్పటికీ కూడబలుక్కుంటూనే నడుస్తాను.

ఆ రోజెందుకో మాట చిన్నప్పటి పుస్తకాల మీదకి మళ్ళింది.
ఎవరికీ పేర్లు గుర్తు లేవు.
హేమసుందరికి ఒక బావి, అందులోంచి గాజుల చప్పుడు.
పట్నాయక్ గారికి అన్నయ్య చింపేసిన పదమూడో పేజీ,
అందులో ఏముందో తెలీకుండానే డెబ్బై ఏళ్ళొచ్చాయి.
కూర్మారావుకి వాసన ఒక్కటే,
జిగురుదో కిరసనాయిలుదో.

నేను నోరు తెరిచాను.
"నాకో నక్క ఉండేది.
చినుకు పడని ఊళ్ళో గొడుగేసుకు తిరిగేది.
పేజీ తిప్పినప్పుడల్లా ఎవరో ఒకరు
తిన్నావా అని దాన్ని అడుగుతారు.
కుందేలు అడుగుద్ది, తాబేలు అడుగుద్ది,
కర్రెత్తిన ముసలాయన కూడా ముందు అదే అడుగుతాడు.
ఇంకా లేదు, రైలు పోద్ది అని అది పరిగెడుద్ది.
పర్లాకిమిడి స్టేషన్లో మన చిన్న రైలు తప్పిపోద్ది."

"మద్రాసులో అచ్చేసినోడికి
మన చిన్న రైలు ఎలా తెలుసమ్మా?"
పట్నాయక్ గారు నవ్వారు.
నేను పట్టు వదల్లేదు. రైలుంది.
దాని పొగ కూడా ఉంది.

లైనింగు గుడ్డకి పర్లాకిమిడి వెళ్ళిన కూర్మారావు
తూకానికి పోసిన కాగితాల కుప్పలోంచి లాగాడట.
అట్ట లేదు. వెన్నుకి పురికొస.
గొడుగుంది. నక్కుంది.

నన్నే చదవమన్నారు, గట్టిగా, వేలు పెట్టి.

గొడుగు నక్కది కాదు. దొంగిలించింది.
కుందేలు దొంగా దొంగా అని అరుస్తుంది.
తాబేలు సాక్ష్యం చెబుతుంది.
ముసలాయన కొడతాడు.
చివర్న గళ్ళు కట్టి నీతి:
పరుల సొమ్ము పాము వంటిది.
తిన్నావా అని ఎక్కడా ఎవరూ అడగలేదు.
రైలు అసలే లేదు.

"ఇది కాదు" అన్నాను.
"బొమ్మలివేనా?" అంది టీచర్.
బొమ్మలివే.
నక్క ఎడమ చెవి మీద అలుక్కుపోయిన సిరాతో సహా ఇవే.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మ వేలు.
అక్షరాల కింద నడిచేది కాదు అది.
నక్క వీపు మీద, గొడుగు అంచు మీద,
కుందేలు తెరిచిన నోటి మీద ఆగేది.
అమ్మది ఒడియా బడి, ఐదో తరగతి.
తెలుగు ఆమె నాలుక మీదే ఉండిపోయింది,
కంట్లోకి ఎక్కలేదు.
టెక్కలి మావయ్య తెచ్చిన పుస్తకాన్ని
చదవలేనని నాతో అనలేదు.
ప్రతి రాత్రీ అదే కథ,
ఒక్క మాట పొల్లుపోకుండా.

"అచ్చులోది బాలేదు" తేల్చేశాడు కూర్మారావు.
నీతి ఉండాల్సిందేనని పట్నాయక్ గారి పట్టు.
వాళ్ళ వాదన మధ్యలోంచి
పుస్తకం సంచిలో వేసుకుని వచ్చేశాను.

అమ్మ చేటలో ఉలవలు బాగుచేస్తోంది.
కుందేలు నోటి మీద వేలు పెట్టాను.
"ఇది దొంగా అని అరుస్తోందే.
తిన్నావా అని ఎందుకు చెప్పావు?"

అమ్మ చేట దించింది.
పేజీని కళ్ళ దగ్గరకి తెచ్చుకుంది.
"పొట్ట చూడు, ఎలా లోపలికి పోయిందో.
ఎవరో ఒకరు అడగాల గదే."

ఇంకాసేపు చూసింది.

"ఇప్పటికీ తిన్నట్టు లేదు."